రియల్‌గా ఉండే కార్ రేసింగ్ గేములు: ఎందుకు వదల్లేకపోతున్నాం, ఎక్కడ విసుగొస్తోంది? మనోళ్లు రాయండి

నాగావళి_గేర్

అందరికీ నమస్తే. మాది శ్రీకాకుళం, ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర. రెండేళ్ల నుంచి గ్రాన్ టురిస్మో 7 ఆడుతున్నాను, ఈ సంక్రాంతికి బోనస్ డబ్బులు పెట్టి స్టీరింగ్ వీల్ కూడా తెచ్చుకున్నాను, 900 డిగ్రీలు తిరిగేది, కింద మూడు పెడళ్లు. తెచ్చిన మొదటి వారం రోజూ రాత్రి ఏడుపొక్కటే తక్కువ. చేతిలో పట్టుకుని ఆడే కంట్రోలర్ మీద గోల్డ్ కొట్టిన, గేమ్‌లో ఉండే లైసెన్స్ టెస్టులు వీల్ మీద బ్రాంజ్ కూడా రాలేదు. భుజాలు నొప్పి, అరచేతులు నొప్పి, అయినా రాత్రి పన్నెండున్నరకి ఇంకొక్క ల్యాప్ అని మళ్లీ కూర్చోడం.

నా పిచ్చంతా నూర్బర్గ్‌రింగ్ పాత ట్రాక్ మీద, అదే నార్డ్‌ష్లైఫ. జర్మనీలో అడవి మధ్య 20.8 కిలోమీటర్లు, ఎక్కడం, దిగడం, తిరగడమే తప్ప గట్టిగా ఊపిరి పీల్చుకునేంత తిన్నటి రోడ్డు చివర్లో ఒక్కచోటే ఉంటుంది. 1976లో ఫార్ములా వన్ డ్రైవర్ నికీ లాడా బండి మంటల్లో చిక్కుకున్నది ఇక్కడే, ఆ తర్వాత ఫార్ములా వన్ ఈ పాత ట్రాక్ మీదకి మళ్లీ రాలేదు. మజ్దా ఎంఎక్స్-5 వేసుకుని ఆర్నెల్లుగా తిప్పుతున్నాను, 9 నిమిషాల 31 సెకన్ల దగ్గర ఆగిపోయాను. ఏడు నిమిషాలు బ్రహ్మాండంగా నడిపాక ఎనిమిదో నిమిషంలో ఒక్క చక్రం గడ్డి మీదకి వెళ్తే చాలు, బండి బొంగరంలా తిరిగిపోయి రైలింగుకి కొడుతుంది, అక్కడితో ఆ ల్యాప్ పోయినట్టే. అప్పుడుండే బాధ ఆడనోళ్లకి చెప్తే తెలీదు.

మీరేటి ఆడుతున్నారు, ఎక్కడ ఇరుక్కున్నారు, ఎలా బయటపడ్డారు, అన్నీ రాయండి.

గంటస్తంభం_గ్రిప్

విజయనగరం నుంచి. నాది పీసీ, అసెట్టో కోర్సా. 2014లో వచ్చిన గేమ్, ఇప్పటికీ నా కంప్యూటర్‌లోంచి తీయలేదు. చేసినోళ్లు ఇటలీ వాళ్లు, రోమ్ దగ్గర వల్లెలుంగా రేస్ ట్రాక్ ఉంది చూడు, అక్కడే వాళ్ల ఆఫీసు. చాలా ట్రాకులు లేజర్‌తో స్కాన్ చేసి పెట్టారు కాబట్టి రోడ్డు మీద చిన్న గతుకున్నా చేతికి తెలుస్తుంది, అదే నన్ను కట్టేసింది.

తమ్ముడూ, నీ బండి తిరిగిపోతున్నది గడ్డి వల్ల కాదు, గడ్డి దాకా వెళ్లిపోవడం వల్ల. టైరుకి ఉన్న పట్టుని జేబులో వంద రూపాయలనుకో. తిన్నగా ఉన్నప్పుడు వందా బ్రేకుకే ఖర్చు పెట్టొచ్చు. స్టీరింగ్ తిప్పడం మొదలెట్టావంటే తిప్పడానికి కొంత ఇవ్వాలి, అంటే బ్రేక్ అంతకంత వదలాలి. రెండిటికీ వంద వంద అడిగితే టైరు ఇవ్వదు, బండి తిన్నగా గడ్డిలోకే పోతుంది. అలాగని బ్రేక్ మీద కాలు ఠక్కున ఎత్తేస్తే ముందుకి ఒరిగిన బరువు ఒక్కసారి వెనక్కి పోయి ముందు టైర్ల పట్టు పోతుంది. కాలు నెమ్మదిగా వదులుతా చెయ్యి నెమ్మదిగా తిప్పాలి, ట్రెయిల్ బ్రేకింగ్ అంటారు. ఇది నా బుర్రకి ఒక్క రోజులో ఎక్కింది, కాలికి ఎక్కడానికి నాలుగు నెలలు పట్టింది.

నాకు విసుగొచ్చింది మాత్రం సెటప్ మెనూ, అదే బండి లోపలి అమరికలు మార్చుకునేది. కాంబర్, స్ప్రింగులు, డిఫరెన్షియల్, ఒక నెలంతా అవి తిప్పుకుంటా కూర్చున్నాను, సరిగ్గా నడపడం నేర్చుకోలేదు. ఇప్పుడు టైర్లలో గాలి, ముందు వెనక బ్రేక్ ఎంతెంత పడాలన్నది, ఈ రెండు తప్ప ఏదీ ముట్టుకోను.

బొబ్బిలి_లేట్‌బ్రేక్

నేను బొబ్బిలి, వీల్ లేదు, కంట్రోలరే, ఇంట్లో టీవీ మీద ఆడతాను. ముందు ఒక పని చెయ్యండి అందరూ, టీవీ సెట్టింగుల్లో గేమ్ మోడ్ అని ఉంటుంది, అది ఆన్ చేసుకోండి. నాకు తెలీక ఏడాది పాటు సినిమా మోడ్‌లోనే ఆడాను, నేను తిప్పింది తెర మీద కొంచెం ఆలస్యంగా కనిపించేది, ఆ ఆలస్యం నా చేతకానితనం అనుకుని నన్ను నేనే తిట్టుకునేదాన్ని.

నా కష్టమంతా ఆన్‌లైన్‌లో మొదటి మలుపు. ఒంటరిగా నడిపేటప్పుడు ఎంత ప్రశాంతంగా ఉంటుందో పదిహేను మంది ఒకేసారి బయల్దేరితే అంత నరకం. నేను బ్రేక్ వేసేచోట వేస్తాను, వెనకోడు వెయ్యడు, నన్నే బ్రేక్ అనుకుని వచ్చి గుద్దుతాడు, ఒక్కోసారి గుద్దించుకున్న నాకే పెనాల్టీ పడుతుంది. ఎవరు ముందు నిలబడాలో తేల్చే క్వాలిఫయింగ్‌లో అంతసేపు కష్టపడి నాలుగో ప్లేస్ తెచ్చుకుంటే పది సెకన్లలో ఆఖర్న ఉంటాను. ఇంకోటి కూడా రాయాలి, మైక్‌లో నా గొంతు వినగానే కొందరు పనిగట్టుకుని నా మీదకే వస్తారు, ఆపేసి కిచెన్‌లోకి వెళ్లి నీళ్లు తాగి ఏడ్చిన రోజులున్నాయి. ఇప్పుడు మైక్ ఆపేశాను, తెలిసినోళ్లతో రూమ్ పెట్టుకుని ఆడుతున్నాను. తెలిసినోళ్లయితే పక్కపక్కనే రెండు మలుపులు తాకకుండా వెళ్తాం కదా, ఆ రెండు మలుపుల కోసం వారమంతా ఎదురు చూస్తాను.

పలాస_పిట్‌స్టాప్

లేట్‌బ్రేక్ అక్కా, మీ రూమ్‌లో ఖాళీ ఉంటే నన్నూ కలుపుకోండి, గుద్దను.

మా పలాసలో అసలు శత్రువు కరెంటు. గంట రేస్, యాభై నిమిషాలు అయింది, టైర్లు కాపాడుకుంటా, పెట్రోల్ లెక్కేసుకుంటా మూడో ప్లేస్‌లో ఉన్నాను, కరెంటు రెప్పపాటు పోయి వచ్చింది అంతే, ఇన్వర్టర్ ఉన్నా కంప్యూటర్ రీస్టార్ట్ అయిపోనాది. తర్వాత ఎలక్ట్రీషియన్ చెప్పాడు, ఇన్వర్టర్ వెనక యూపీఎస్ మోడ్ అని చిన్న స్విచ్ ఉంటుందట, అది వేస్తే బ్యాటరీ మీదకి బేగి మారుతుంది, కంప్యూటర్ ఆగదు. వేశాక నాకు మళ్లీ ఆ బాధ రాలేదు. ఇన్వర్టర్ ఉన్నోళ్లు ఈ రాత్రే వెళ్లి చూడండి. వైఫై రూటర్ కూడా ఇన్వర్టర్ లైన్ మీదే ఉండాలి, అది మర్చిపోతే బండి నడుస్తానే ఉంటుంది గానీ రేస్‌లోంచి బయటికి తోసేస్తుంది.

సాలూరు_ఘాట్

ఎప్పుడూ చదవడమే, రాయడం ఇదే మొదలు. మాది సాలూరు, లారీల ఊరు అని మీకు తెలుసు. మా నాన్న ముప్పయ్యేళ్లు లారీ మీద ఉన్నాడు, సాలూరు నుంచి సుంకి ఘాట్ ఎక్కి కొరాపుట్ మీదుగా రాయపూర్ లైను. మోకాళ్ల నొప్పులకి మానేసి ఇప్పుడు ఇంట్లోనే ఉంటన్నాడు. నేను వీల్ పెట్టి ఆడతా ఉంటే వారం రోజులు వెనక మంచం మీద కూర్చుని చూశాడు, ఏమీ అన్లేదు. ఎనిమిదో రోజు "లే, నన్ను కూకోనీ" అన్నాడు.

నార్డ్‌ష్లైఫే పెట్టాను. నాలాగ చేతులు బిగించి పట్టుకోలేదు, వేళ్లతో పట్టుకున్నాడు, బొటనవేలు చక్రం లోపలికి పెట్టకుండా పైనుంచి ఆనించాడు. లోపల పెడితే చక్రం ఎదురు కొట్టినప్పుడు వేలు విరిగిపోద్ది అన్నాడు, పవర్ స్టీరింగ్ లేని రోజుల అలవాటు. రెండు మలుపులు దాటగానే గోడకి కొట్టాడు. ఇదేటిరా అన్నాడు, చేతికి తెలుస్తంది గానీ కూర్చున్నకాడ ఏమీ తెలీటం లేదు అన్నాడు. నాకు ఒళ్లు జలదరించింది, ఎందుకంటే నాకు మూడేళ్లుగా అర్థం కానిది అదే. నిజం బండిలో వెనక చక్రం జారితే ముందు నడుముకి తెలుస్తుంది. ఇక్కడ నడుముకి తెలిసే దారి లేదు, కళ్లకి తెలిసేసరికి ఆలస్యం అయిపోతుంది. మరి దేంతో పట్టుకోవాలి అంటే, నాన్నే కనిపెట్టాడు, చెవితో. సౌండ్ పెంచమన్నాడు. టైరు కూత రెండు రకాలు, సన్నగా ఈల వేసినట్టుంటే ఇంకా పట్టు ఉంది, గొంతు మారి బొంగురుపోయి గీసుకుంటున్నట్టు ఉంటే జారిపోతంది. రెండోది వినక ముందే కాలు సర్దుకోవాలి. అప్పటి దాకా నేను పాటలు పెట్టుకుని ఆడేవాడిని, ఆ రోజే మానేశాను.

ఇంకో మాట అన్నాడు. ఘాట్‌లో ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగాలి, దిగువలో బ్రేక్ నమ్ముకున్నోడు వేడెక్కి పోతాడు. రేస్ కారుకి అది అచ్చంగా వర్తించదు, ఖాళీ కారుకీ ఇరవై టన్నుల లోడుకీ పోలిక లేదు. కానీ దిగువలో ఇంజన్ పట్టుకుని ఉంటే బండి నిలకడగా ఉండడం నిజమే, నేను మూడో గేరులో తేలిపోతా దిగే మలుపులు ఆయన రెండులో దిగాడు, ఒక్కసారి కూడా వెనక చక్రాలు కదల్లేదు.

నాలుగు రోజులకి ల్యాప్ మొత్తం తిరిగాడు, 12 నిమిషాల పైనే పట్టింది, ఎక్కడా గీత పడలేదు.

గంటస్తంభం_గ్రిప్

ఘాట్ గారూ, ఇది చదివి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని పదిహేను ల్యాపులు తిప్పి వచ్చి రాస్తున్నాను. మీ నాన్నగారికి నా నమస్కారం చెప్పండి. స్టీరింగ్‌లో కూడా అదే తెలుస్తుంది, ముందు టైర్లు జారే ముందు చక్రం చేతిలో కొంచెం తేలికవుతుంది. ఆ తేలికదనం తెలియాలంటే వీల్ లోపల చేతికి ఎదురు బలమిచ్చే మోటారు ఉంటుంది కదా, దాని బలం తగ్గించి పెట్టుకోవాలి, ఎక్కువ పెడితే బలం తప్ప ఇంకేమీ తెలీదు.

అరసవల్లి_సెకండ్‌హ్యాండ్

వీల్ కొనాలనుకునేవాళ్లకి. నేను వైజాగ్‌లో ఒకాయన దగ్గర సెకండ్ హ్యాండ్ తీసుకున్నాను, ఇంటికొచ్చి చూస్తే బ్రేక్ కాలు పెట్టకుండానే పడిపోతోంది, తిన్నటి రోడ్డు మీద వెళ్తా వెళ్తా బండి తనంతట తనే ముక్కు దించేది. అమ్మినాయన ఫోన్ ఎత్తలేదు. తర్వాత తెలిసింది, పెడల్ లోపల పొటెన్షియోమీటర్ అని ఉంటుంది, రేడియోలో వాల్యూమ్ తిప్పేది లాంటిది, అందులో దుమ్ము చేరితే రీడింగ్ ఎగిరెగిరి పడుతుంది. నాలుగు స్క్రూలు విప్పి కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే కొట్టి పెడల్ ఇరవై ముప్పై సార్లు తొక్కితే బాగయిపోయింది. కొనేముందే పెడల్ మెల్లగా తొక్కి తెర మీద గీత సాఫీగా లేస్తోందా చూసుకోండి, ఎగిరితే ధర తగ్గించమనండి.

పెడళ్లు టైల్స్ మీద జారిపోతాయి. కింద తడి గోనెసంచి వేశాను, వెనక గోడకి చెక్కముక్క అడ్డం పెట్టాను. కింద చక్రాలుండే ఆఫీసు కుర్చీ మాత్రం వద్దు, గట్టిగా బ్రేక్ తొక్కితే బండి ఆగదు, మనం వెనక్కి పోతాం. నేను భోజనాల బల్ల కుర్చీ వాడుతున్నాను.

మజ్జిగ_గౌరమ్మ_వీధి

నేను ఆడను, మా తమ్ముడు ఆడతాడు, వాడి వల్ల నేను కూడా చూడ్డం మొదలెట్టాను. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ పక్క రోడ్ల మీద ఫార్ములా ఈ, అదే కరెంటు కార్ల రేస్ జరిగితే ఇద్దరం వెళ్లాం, జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. అంత దగ్గర్నుంచి చూసినప్పుడు తెలిసింది, వీడు ఇంట్లో కూర్చుని బ్రేక్ ఎక్కడ వెయ్యాలా అని తల పట్టుకునేది ఊరికే కాదని. నరేన్ కార్తికేయన్ 2005లో మన దేశం నుంచి మొదటిసారి ఫార్ములా వన్ నడిపాడు, ఢిల్లీ దగ్గర బుద్ధ్ సర్క్యూట్‌లో 2011 నుంచి 2013 దాకా మూడేళ్లు రేసులు జరిగాయి, ఆ తర్వాత మనకి రాలేదు. మా తమ్ముడు బుద్ధ్ ట్రాక్ గేమ్‌లో పెట్టుకుని తిప్పుతుంటే చూస్తాను, ఆ ఖాళీ స్టాండ్లు చూస్తే మనసు అదోలా అవుతుంది.

ఒకటి చెప్తాను, వాడు బండి మీద ఎచ్చెర్ల వైపు హైవే ఎక్కితే నాకు భయంగా ఉండేది. ఇప్పుడు వాడే నెమ్మదిగా వెళ్తున్నాడు. అడిగితే, స్పీడు రెండింతలు అయితే ఆగడానికి నాలుగింతల దూరం కావాలి అప్పా, వందలో వెళ్తే ముందు లారీ ఆగితే ఏమవుద్దో నాకు తెలుసు అన్నాడు.

నాగావళి_గేర్

అందరివీ రెండుసార్లు చదివాను. పాటలు ఆపేశాను, మోటారు బలం తగ్గించాను, చక్రాలుండే కుర్చీ తీసేసి అమ్మ కుట్టుమిషన్ కుర్చీ తెచ్చుకున్నాను. మొదటి రెండు రోజులు ఇంకా ఘోరంగా అయింది, 9:50 కూడా దాటింది, ఎందుకంటే కూత వింటా రోడ్డు చూడ్డం మర్చిపోతున్నాను.

మూడో రోజు రాత్రి కరూసెల్ దగ్గర, అదే కాంక్రీటు పలకలు గిన్నెలా వంగి ఉంటాయి చూడండి, ఎప్పుడూ అక్కడ మూడో గేరులో దూకేవాడిని, చక్రం చేతుల్లో కొట్టుకుపోయేది. ఈసారి రెండులో దిగి వేళ్లతో పట్టుకున్నాను, పలక పలకా టకటకమని చేతికి తెలుస్తా బండి తనే గిన్నె పట్టుకుని బయటికి తెచ్చింది. అక్కడి నుంచి ఊపిరి బిగబట్టి నడిపాను. 9:14.

సాలూరు అన్నయ్యా, మీ నాన్నగారికి ఈ టైము చెప్పండి. ఆదివారం రాత్రి తొమ్మిదికి బొబ్బిలి అక్క రూమ్ పెడుతున్నారట, ఆయన్ని కూడా కూర్చోబెడతారా?

సాలూరు_ఘాట్

చెప్పాను. "ఇంకా తొందర పడతన్నాడు గుంటడు" అన్నాడు. ఆదివారం తొమ్మిదికి కూర్చుంటాడట, భోజనం ఎనిమిదికే పెట్టీమన్నాడు.