ఈ వయసులో ఆడవాళ్ల రక్తనాళాలు గట్టివే కదా?

కృష్ణలంక కుర్రాడు: మా పరుగు గుంపులో 22 మందిమి, అందరం ముప్పైలోపే. పొద్దున్నే ప్రకాశం బ్యారేజీ మీద అటూ ఇటూ పరుగు. ఆదివారం బీపీ, రక్తపరీక్షలు పెట్టిస్తున్నాం. డబ్బు సగం మందికే సరిపోతుంది. ఆడవాళ్ల రక్తనాళాలు ఈ వయసులో ఎలాగూ గట్టివి, ముందు మగవాళ్లకు చేయిద్దాం అన్నాను. గొడవైంది. తప్పన్నానా?

బ్రాడీపేట 4వ లైను: ముందు ఆ మాట మార్చండి. రక్తనాళం గట్టిపడటమే జబ్బు. మెత్తగా సాగాలి.

కృష్ణలంక కుర్రాడు: సరేనండీ, మెత్తవి.

పటమట ఫిజియో: అందులో కొంత నిజముంది. ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోను ఉన్నన్నాళ్లూ రక్తనాళాల లోపలి పొర నైట్రిక్ ఆక్సైడ్ బాగా తయారుచేస్తుంది, నాళం వదులవుతుంది. ఆ వాయువు పని తేల్చినందుకే 1998లో ముగ్గురికి నోబెల్ ఇచ్చారు. అదే వయసు మగవాళ్లకంటే సగటున బీపీ కూడా తక్కువే. ముట్లుడిగాక ఆ లాభం పోతుంది.

బ్రాడీపేట 4వ లైను: నాళం ఎంత సాగుతుందో కొలిచే పద్ధతి చూశారా? ముంజేతికి పట్టీ బిగించి 5 నిమిషాలు రక్తం ఆపుతారు. వదిలాక పైచేతి ధమని ఎంత సాగిందో అల్ట్రాసౌండ్‌లో చూసి శాతం కడతారు. ఆడవాళ్ల ధమని సన్నం. 3 మి.మీ. నాళం 0.2 సాగితే దాదాపు 7 శాతం. 4 మి.మీ.ది అంతే సాగితే 5 శాతం. సాగింది ఒకటే, మార్కులు వేరు! వ్యాసం చూడకుండా ఆడవాళ్లు మేలంటే ఎలా?

అరండల్‌పేట: ఏ వ్యాసం? లింకు పెట్టండి.

బ్రాడీపేట 4వ లైను: వ్యాసమంటే నాళం వెడల్పు బాబూ.

పటమట ఫిజియో: శాతం పక్కన పెట్టినా బీపీ తేడా ఉందిగా.

బ్రాడీపేట 4వ లైను: నేను బీపీ అడగలేదు. వ్యాసం అడిగాను.

గవర్నరుపేట: రాత్రి నుంచీ ఇదే పాట. ఇడ్లీ తినొచ్చి కొట్టుకోండి.

సత్యనారాయణపురం అమ్మాయి: రెండేళ్ల కిందట పరిగెడుతుంటే ఆయాసం, కళ్లు తిరగడం. ఒక ఆస్పత్రికెళ్తే "పరిగెత్తే పిల్లవి, నీకేమవుతుంది, టెన్షన్ తగ్గించుకో" అన్నారు. ఆరు నెలల తర్వాత వేరేచోట చూపిస్తే హిమోగ్లోబిన్ 7.8.

బ్రాడీపేట 4వ లైను: అది రక్తహీనతమ్మా. ఇక్కడ మాట రక్తనాళాల గురించి.

సత్యనారాయణపురం అమ్మాయి: ఆదివారం తీసేది రక్తమే కదండీ! మన రాష్ట్రంలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో వందకు 58 మందికి పైగా రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలోనే ఉంది. ముందు ఎవరికి తీయాలి?

పటమట ఫిజియో: ఇంకోటి. సరిగ్గా తినకుండా విపరీతంగా పరిగెత్తి నెలసరి ఆగిపోయినవాళ్లకు ఈస్ట్రోజెన్ పడిపోతుంది. మీరు చెప్పే రక్షణ వాళ్లకు ఇరవైల్లోనే తగ్గిపోవచ్చు. వాళ్లేమో బరువు తగ్గామని సంబరపడుతుంటారు.

కృష్ణలంక కుర్రాడు: మేడమ్, ఆడవాళ్లను ఎవరూ వద్దనలేదు. డబ్బుల్లేవన్నాం. ప్రతిదానికీ ఆడ, మగ అని తగువేనా?

సత్యనారాయణపురం అమ్మాయి: ఆడ, మగ అని మొదలెట్టింది నువ్వు. నేను మీ గుంపులోదాన్నే, మాటతీరు గుర్తుపట్టలేదా? తలా 300 ఇచ్చాం, అందులో తొమ్మిది మందిమి ఆడవాళ్లం. అడగకుండా సగం డబ్బు బ్యానరుకీ టీషర్టులకీ పెట్టి, మిగిలింది చాలట్లేదని మా రక్తనాళాలను పొగుడుతున్నావు!

గవర్నరుపేట: హమ్మయ్య, ఇదీ అసలు సంగతి.

పటమట ఫిజియో: బీపీకి ఖర్చేముంది తమ్ముడూ? మిషను ఒకటే, 22 చేతులకూ అదే.

కృష్ణలంక కుర్రాడు: ...బీపీ అందరికీ చూపిస్తాం. రక్తపరీక్షకు చీటీలు వేద్దాం. లెక్క రాత్రికి గ్రూపులో పెడతా.

సత్యనారాయణపురం అమ్మాయి: బిల్లులతో సహా.

బ్రాడీపేట 4వ లైను: వ్యాసం సంగతి మాత్రం ఎవరూ తేల్చలేదు.