వలస, నిర్వాసిత అధ్యయనాల్లో పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తరువాతి పరిశోధన ఫెలోషిప్): ఎవరికి ఎలా దొరికింది?

గోదావరి గట్టు:
పోలవరం ముంపు గ్రామాల నుంచి పునరావాస కాలనీలకు తరలిన కొండరెడ్డి కుటుంబాల మీద నా పీహెచ్‌డీ గత నవంబరులో పూర్తయింది. ఐరోపా వారి మేరీ క్యూరీ ఫెలోషిప్‌కు ప్రయత్నించాలా, లేక భారత సామాజిక శాస్త్ర పరిశోధన మండలి (ఐసీఎస్‌ఎస్‌ఆర్) రెండేళ్ల ఫెలోషిప్ తీసుకుని ఇక్కడే ఉండి పుస్తకం ముగించాలా అన్నది తేలడం లేదు. అక్కడి ఆచార్యులకు రాసే మొదటి లేఖలో ఏముండాలి? నాలుగేళ్ల పాప ఉంది. పిల్లలతో వెళ్లినవారు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.

రైన్ ఒడ్డు:
గోదావరి గట్టు గారూ, 2023లో మేరీ క్యూరీకి నేను పంపిన ప్రతిపాదనకు నూటికి 68 వచ్చాయి. 70 కంటే తక్కువ వచ్చినవారు మరుసటి ఏడాది అదే ఆతిథ్య సంస్థతో మళ్లీ దరఖాస్తు చేయరాదన్న నియమాన్ని నేను ఫలితం చూశాక గానీ చదవలేదు. నా చిత్తుప్రతిని అక్కడి ఆచార్యురాలు గడువుకు నాలుగు రోజుల ముందు తెరిచారు; అది వేరే బాధ. పోటీ సంగతి చెప్పాలంటే 2024లో 10,360 దరఖాస్తులు రాగా 2025లో 17,058 వచ్చాయి. గడువుకు ముందరి 36 నెలల్లో ఆతిథ్య దేశంలో 12 నెలలకు మించి ఉండకూడదన్న నిబంధన మీకు అడ్డు కాదు గానీ, ముందు ఏదో చిన్న కొలువు మీద జర్మనీ చేరి అక్కడి నుంచే జర్మనీకి దరఖాస్తు పెట్టుకుందామనుకునేవారు పప్పులో కాలేస్తారు. నేను చివరకు జర్మనీలోని హంబోల్ట్ సంస్థ ఇచ్చే ఫెలోషిప్‌తో ఇక్కడికి వచ్చాను. నేను పెట్టినప్పుడు పీహెచ్‌డీ అయిన నాలుగేళ్ల లోపు ఎప్పుడైనా పంపే వీలుండేది, గడువు తేదీ అంటూ ఉండేది కాదు.

విశ్రాంత ఆచార్యుడు:
ముప్పై రెండేళ్లు ఈ విషయమే బోధించి, పదకొండు మందికి పీహెచ్‌డీ మార్గదర్శకుడిగా ఉన్నవాడిని కనుక నిర్మొహమాటంగా చెబుతున్నాను: పోలవరం వలస అధ్యయనం కిందికి రాదు. 1951 నాటి అంతర్జాతీయ శరణార్థుల ఒడంబడిక ప్రకారం సరిహద్దు దాటినవాడే శరణార్థి. ఊరి నుంచి ముప్పై కిలోమీటర్ల దూరంలోని కాలనీకి మారినవారిని వలస కేంద్రాల ముందు పెడితే, ఇది భూసేకరణ విషయమని తిప్పి పంపుతారు. ప్రాజెక్టుల నిర్వాసితులకు ఎదురయ్యేవిగా సామాజిక శాస్త్రవేత్త మైకేల్ సెర్నియా చెప్పిన ఎనిమిది ప్రమాదాల చట్రంలో ఇమిడ్చి, అభివృద్ధి అధ్యయన విభాగాలకు రాసుకోవడం మేలు.

ముంపు మండలం:
ఆచార్యుల వారూ, మాది వేలేరుపాడు మండలం. 2014లో ఒక్క సవరణ చట్టంతో మేము ఇల్లు కదలకుండానే తెలంగాణ నుంచి ఆంధ్రకు మారాము. ఆ తరువాత 41.15 మీటర్ల కాంటూరు (జలాశయం నీరు ఆ ఎత్తుకు చేరితే మునిగే మేరకు గీసిన గీత) లోపలి ఇళ్లకు ముందు పునరావాస ప్యాకేజీ అన్నారు, పైనున్న ఇళ్లకు తరువాత అన్నారు. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు ఆ గీతకు అటూ ఇటూ ఉన్నవాళ్లమందరం ఒకే గుట్ట ఎక్కి కూర్చున్నాము. కాలనీలకు పోయినవారికి తునికాకు లేదు, వెదురు లేదు. మగవాళ్లు పట్నాలకు కూలికి పోతున్నారు. అది భూసేకరణా, వలసా? మీ విభాగాల గోడలు మాకు తెలియవు. ఒకటి మాత్రం తెలుసు: మా ఊరికి ఇప్పటికి ఐదుగురు పరిశోధకులు వచ్చి రోజుల తరబడి కూర్చోబెట్టి అడిగారు గానీ, రాసినదేమిటో తిరిగి వచ్చి చదివి వినిపించినవారు ఒక్కరూ లేరు.

బర్మా క్యాంపు మనుమరాలు:
1998 నాటి ఐక్యరాజ్యసమితి మార్గదర్శక సూత్రాలు దేశం లోపలి నిర్వాసితుల గురించే. వాటిలో ఆరవ సూత్రం భారీ అభివృద్ధి ప్రాజెక్టుల ప్రస్తావన కూడా చేస్తుంది. ఆచార్యుల వారు 1951 దగ్గరే ఆగిపోయారు. మా తాతయ్య 1942లో రంగూన్ వదిలి అరకాన్ కొండల మీదుగా నడిచి వచ్చారు. అటువంటివారిని అప్పట్లో కాందిశీకులు అన్నారు. 1962లో బర్మాలో సైనికాధిపతి నే విన్ అధికారానికి వచ్చాక తిరిగి వచ్చినవారిలో కొందరు విశాఖ కంచరపాలెం ప్రాంతంలో స్థిరపడ్డారు. ఆ పేట నేటికీ బర్మా క్యాంపే. ఇన్ని మాటలుండగా ఇప్పుడు అందరినీ ‘వలస’ అనే ఒక్క గంపలో వేస్తున్నాము.

విశ్రాంత ఆచార్యుడు:
అమ్మా, ‘కాం దిశమ్’, అంటే ఏ దిక్కుకు పోవాలో తెలియక పరుగెత్తేవాడు కాందిశీకుడు. పోలవరం వారికి ప్రభుత్వమే దిక్కు చూపింది కనుక ఆ మాట వర్తించదు. ఆరవ సూత్రం నేను తరగతిలో చెప్పినదే. అది ఒడంబడిక కాదు, ఏ దేశానికీ కట్టుబాటు లేదు.

ముంపు మండలం:
దిక్కు చూపారు సార్. ఆ దిక్కున అడవి లేదు.

పర్యవేక్షకుడు:
పదాల వాదనకు వేరే చర్చ తెరవవలసిందిగా మనవి. వ్యక్తిగత విసుర్లు వద్దు.

పాలమూరు మేస్త్రీ కొడుకు:
వాదన కొనసాగుతూనే ఉంటుంది గానీ అసలు చిక్కు అంకెలది. కేరళలో అభివృద్ధి అధ్యయన కేంద్రం (సీడీఎస్) 1998లో మొదలుపెట్టిన వలస సర్వే సాగుతూ వస్తోంది కనుక అక్కడి అభ్యర్థి ప్రతిపాదనలో పట్టికలు నిండుగా ఉంటాయి. మనకు 2011 జనగణన, 2007-08 నాటి జాతీయ నమూనా సర్వే, 2020-21 కార్మిక సర్వే. మా నాన్న వెంట ఆరు నెలలు పోయి వానలకు తిరిగి వచ్చే కూలీ వీటిలో దేనిలోనూ సరిగా చిక్కడు. నా దరఖాస్తును తిరస్కరించిన సమీక్షకుడు తాజా జిల్లావారీ లెక్కలేవని అడిగాడు. ఎక్కడి నుంచి తేను?

రైన్ ఒడ్డు:
మేస్త్రీ కొడుకు గారూ, లెక్క దొరకకపోవడాన్నే మీ ప్రశ్నగా పెట్టండి: ఏ సర్వే ఏ నెలలో, ఏ గడపలో అడిగింది, అప్పుడు కూలీ ఎక్కడ ఉన్నాడు? అది మీకు తెలిసినంతగా ఆ సమీక్షకుడికి తెలియదు. గోదావరి గట్టు గారికీ ఇదే చెబుతాను. మొదటి లేఖ ఒక పుటకు మించకూడదు. ఆ ఆచార్యుల వ్యాసం ఒకటి పేర్కొని, దానిలో మీ క్షేత్రానుభవంతో పొసగని వాదన ఏదో రెండు వాక్యాల్లో రాయండి. పొగడ్తలతో నేను పంపిన తొమ్మిది లేఖలకు జవాబు రాలేదు, విభేదించిన లేఖకు మూడో రోజున వచ్చింది.

విశ్రాంత ఆచార్యుడు:
విభేదించమని కుర్రవాళ్లకు నేర్పడం ప్రమాదకరం.

గోదావరి గట్టు:
ముంపు మండలం గారూ, ఆ ఐదుగురిలో నేను లేను, నా ఊళ్లు కూనవరం వైపు. కానీ నేనూ చదివి వినిపించలేదు. సిద్ధాంత గ్రంథం ఆంగ్లంలో ఉంది. 41.15 గీతకు పైనున్న ఇళ్ల మీదనే కొత్త ప్రతిపాదన రాస్తున్నాను. ముందు ఐసీఎస్‌ఎస్‌ఆర్‌కు పెట్టి, హంబోల్ట్ కోసం లేఖలు మొదలుపెడతాను. పాప సంగతి ఎవరూ చెప్పలేదు.

ముంపు మండలం:
తెలుగులో పది పుటలైనా రాసి తీసుకురండి. వానలు మొదలైతే మా దారి మునుగుతుంది, ఆలోపే రండి.

రైన్ ఒడ్డు:
పాపకు బాలవాడిలో చోటు కోసం, ఫెలోషిప్ ఖరారైన రోజునే పేరు నమోదు చేయించండి. మా బాబుకు పద్నాలుగు నెలలు పట్టింది.