ఏప్రిల్‌లో టోక్యో వస్తున్నాం: జీతం, ఇల్లు గురించి చెప్పగలరా?

ప్రశ్న (జపాన్‌లోని తెలుగువాళ్ల మెయిల్ గ్రూపుకు, హైదరాబాద్ నుంచి):
అందరికీ నమస్కారం. టోక్యోలో ఉద్యోగం వచ్చింది. నెలకు 4 లక్షల యెన్లు అన్నారు. నాతో భార్య, రెండేళ్ల పాప వస్తున్నారు. చేతికి ఎంత వస్తుంది? మన ఇండియావాళ్లు ఎక్కువగా ఉండే నిషికసాయ్‌లో ఇల్లు తేలిగ్గా దొరుకుతుందా?

నిషికసాయ్ పాత కాపు:
తమ్ముడూ, మొదటి ఏడాది 3 లక్షల 30 వేలకు అటూ ఇటూగా వస్తుంది. వచ్చే ఏడాది జూన్ నుంచి నివాస పన్ను కూడా మొదలవుతుంది, అప్పుడు ఇంకా తగ్గుతుంది. పే స్లిప్ చూడగానే పెన్షన్ కోత కళ్లకు కొడుతుంది. జీతంలో 18.3 శాతం, అందులో సగం నీది, సగం కంపెనీది. ఏటా కొంచెం కొంచెం పెంచుకుంటూ వచ్చి 2017లో అక్కడ ఆపారు. నువ్వు కట్టేది నీ పేరున దాచిపెట్టరు, ఇవాళ్టి పెద్దవాళ్లకే పంచుతారు. 2024లో ఇక్కడ పుట్టిన పిల్లలు 6 లక్షల 86 వేలు, పోయినవాళ్లు 16 లక్షలు. పనిచేసే వయసువాళ్లు తగ్గిపోతున్నారు, జనంలో పెద్దవాళ్ల వాటా పెరుగుతోంది. మనల్ని పిలిచేదీ అందుకే. 40 దాటితే వృద్ధుల సంరక్షణ బీమా కూడా కోస్తారు, అది కూడా లెక్కలో పెట్టుకో.

కవాసాకి నుంచి:
ఇల్లు తేలికని ఎవరూ చెప్పకండి. మేం వచ్చినప్పుడు ఏజెంటు మా ఎదురుగానే ఓనర్లకు ఫోన్ చేశాడు. విదేశీయులనగానే అవతలివాళ్లు 'కుదరదు' అని పెట్టేశారు. ఒకచోట దరఖాస్తు తీసుకున్నారు, అద్దెకు హామీ ఉండే గ్యారంటీ కంపెనీ ఒప్పుకుంది, కీ మనీ (ఓనరుకు ఇచ్చే, తిరిగి రాని డబ్బు) ఎంతో కూడా చెప్పారు. సంతకాల రోజు పొద్దున ఓనరు మనసు మార్చుకున్నాడు. హోటల్‌లో చంటిదాన్ని పెట్టుకుని మళ్లీ మొదటికొచ్చాం. ఆ తర్వాత ఒక పాత బిల్డింగ్‌లో చోటు దొరికింది. ఓనరు 80 దాటిన ఆవిడ, పై అంతస్తులో ఒంటరిగా ఉండేది. ఏ రోజు ఏ చెత్త వేయాలో క్యాలెండర్ కాగితం వెనక పెద్ద అక్షరాలతో రాసి ఇచ్చింది. కింద గదిలో ఉండే తాతగారినీ అంతకుముందు అందరూ తిప్పి పంపారట. ఒంటరి ముసలాయన గదిలోనే పోతే ఆ గదికి మళ్లీ ఎవరూ రారని భయం. ఈ ఊళ్లో ఇల్లు దొరకనిది మనకూ వాళ్లకూనే.

మీరు మాత్రం ముందు యూఆర్ ఇళ్లు (ప్రభుత్వ సంస్థ అద్దెకిచ్చేవి) చూడండి. కీ మనీ లేదు, గ్యారంటర్ అక్కర్లేదు, ఏజెంటు ఫీజు లేదు. ఆదాయం నిబంధన ఒకటి ఉంటుంది, మీ జీతానికి ఇబ్బంది ఉండదు.

నాగోయా నుంచి:
దేశంలో 90 లక్షల ఇళ్లు ఖాళీగా ఉన్నాయని 2023 సర్వేలో తేలింది. ఇంకా టోక్యోనే ఎందుకు పట్టుకుని వేలాడటం? మా వైపు ఫ్యాక్టరీలకు ఇంజినీర్లు దొరకడం లేదు. అద్దె కూడా అక్కడికంటే బాగా తక్కువ.

నిషికసాయ్ పాత కాపు:
నాగోయా అన్నగారూ, ఆ ఖాళీ ఇళ్లు ఎక్కడున్నాయి? ఇళ్లలో ఖాళీవాటి శాతం బడులు మూసేసిన ఊళ్లవైపే ఎక్కువ. కుర్రాళ్లంతా ఉద్యోగాలకని టోక్యో వచ్చేస్తున్నారు. వచ్చాక ఇక్కడి అద్దెలకు, పని గంటలకు పిల్లల్ని కనడం లేదు. 2024లో దేశం మొత్తానికి సంతాన రేటు (ఒక్కో మహిళకు సగటున పుట్టే పిల్లలు) 1.15 అయితే టోక్యోలో ఒకటి కూడా లేదు. పల్లెలు ఖాళీ అవుతున్నది, ఇక్కడ ఉయ్యాలలు కట్టనిది, రెండూ ఒకే కథ.

యొకొహామా నుంచి:
పాప గురించి ఎవరూ చెప్పలేదేంటి? ఇంట్లో దిగిన 14 రోజుల్లో వార్డు ఆఫీసులో చిరునామా నమోదు చేయించండి. అదే రోజు పిల్లల భత్యానికి కూడా దరఖాస్తు పెట్టేయండి, 15 రోజులు దాటితే ఆలస్యమైన నెలల డబ్బు పోవచ్చు. మూడేళ్లలోపు పిల్లలకు నెలకు 15 వేల యెన్లు. 2024 అక్టోబర్ నుంచి ఆదాయ పరిమితి కూడా ఎత్తేశారు.

క్రెష్ సీట్లకు ఒకప్పుడు యుద్ధమే. 2017లో 26 వేల మంది పిల్లలు వెయిటింగ్ లిస్టులో ఉండేవాళ్లు, 2024కి అది రెండున్నర వేలకు దిగింది. క్రెష్‌లు కట్టారు నిజమే, పిల్లలు తగ్గడం కూడా ఒక కారణం. అయినా సీటు ఇచ్చేది పాయింట్లను బట్టి, తల్లిదండ్రులిద్దరూ పనిచేస్తే అవి ఎక్కువ వస్తాయి. మీ ఆవిడ డిపెండెంట్ వీసా మీద అనుమతి తీసుకుని వారానికి 28 గంటలు పనిచేయవచ్చు. ఏప్రిల్ సీట్లకు మొదటి విడత చాలా వార్డుల్లో నవంబర్, డిసెంబర్‌లోనే అయిపోతుంది. రెండో విడత ఉందేమో కనుక్కోండి.

కవాసాకి నుంచి:
పెన్షన్ మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్తా. ఇండియా వెళ్లిపోయాక రెండేళ్లలోపు అడిగితే వాపసు ఇస్తారు. తీసేసుకోండి, ఇక్కడి ముసలితనం దాకా ఎవరుంటారు?

నిషికసాయ్ పాత కాపు:
అందరికీ అదే సలహా ఇవ్వకండి. 2016 అక్టోబర్ నుంచి రెండు దేశాలకూ ఒప్పందం ఉంది. అక్కడి ఏళ్లు, ఇక్కడి ఏళ్లు కలిపి పదేళ్లు నిండితే పెన్షన్‌కు అర్హత వస్తుంది. వాపసు తీసుకున్నారో, ఆ ఏళ్లు లెక్కలోంచి పోతాయి.

కవాసాకి నుంచి:
30 ఏళ్ల తర్వాత ఎంతిస్తారో ఎవరికి తెలుసండీ? చేతిలో డబ్బు చేతిలో ఉండాలి.

యొకొహామా నుంచి:
ఈ గొడవకు వేరే మెయిల్ పెట్టండి, పాపం ఆయన ఇల్లు వెతుక్కోవాలి. తమ్ముడూ, ఆఫీసు ఏ స్టేషన్ దగ్గరో చెప్పు. ఆ లైన్‌లో యూఆర్ ఇళ్లు ఎక్కడెక్కడ ఉన్నాయో పంపిస్తాను.