ఆరోగ్యశ్రీ డేటాతో నల్గొండలో షుగర్ పేషెంట్ల లెక్క తేలుతుందా?

దేవరకొండ_ఎంపీహెచ్
అందరికీ నమస్తే. నేను ఎంపీహెచ్ (ప్రజారోగ్యంలో పీజీ) రెండో సంవత్సరం, మాది దేవరకొండ దగ్గర పల్లె. మా నాన్నకు పన్నెండేళ్లుగా షుగర్, పోయిన ఏడాది క్రియాటినిన్ (కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే రక్తపరీక్ష) పెరిగిందన్నారు. అప్పటి నుంచి థీసిస్ చేస్తే షుగర్, కిడ్నీల మీదే చేయాలని పట్టుబట్టి కూర్చున్నా. తైవాన్, కొరియా వాళ్ల పేపర్లు చూస్తే ఒక్కోదాంట్లో లక్షల మంది పేషెంట్లు, పదేళ్ల ఫాలోఅప్, అంతా హెల్త్ ఇన్సూరెన్స్ రికార్డుల నుంచే. మనకూ 2007 నుంచి ఆరోగ్యశ్రీ ఉంది కదా. పేర్లు తీసేసిన క్లెయిమ్ డేటా (ఆస్పత్రులు డబ్బుల కోసం పంపే బిల్లుల రికార్డులు) దొరికితే ఉమ్మడి నల్గొండలో షుగర్ ఎంతమందికి ఉందో, ఏటా ఎంత పెరుగుతోందో చెప్పొచ్చా? మా సారు ప్రపోజల్ రాసుకురా అన్నారు గానీ నాకే నమ్మకం కుదరట్లేదు.

లెక్కల_అన్న
చెల్లె, నీ అనుమానం కరెక్టే. తైవాన్‌లో 1995 మార్చిలో మొదలైన ఇన్సూరెన్స్‌లో దాదాపు దేశమంతా ఉంది. చిన్న క్లినిక్‌కు వెళ్లినా, మెట్‌ఫార్మిన్ అనే షుగర్ గోళీలు తెచ్చుకున్నా అది బిల్లుగా రికార్డులో పడుతుంది. అందుకే అక్కడ ఏడాదిలో రెండుసార్లు ఓపీలో షుగర్ కోడ్ (బిల్లులో జబ్బుకు వేసే గుర్తు) పడితేనో, ఒక్కసారి అడ్మిషన్‌లో పడితేనో పేషెంటు కింద లెక్క వేయడం మామూలు (ఒక్క ఓపీ కోడ్ చాలదు, ఉందో లేదో చూద్దామని టెస్టు రాసినా కోడ్ పడొచ్చు కాబట్టి). కొరియాలో రెండేళ్లకోసారి చేసే హెల్త్ చెకప్ కూడా దీనికి కలుస్తుంది, బీపీ ఎంత, షుగర్ ఎంత, పొగ తాగుతారా అన్నీ ఉంటాయి.

మన ఆరోగ్యశ్రీ ప్రధానంగా అడ్మిషన్లకు, ఆపరేషన్లకు. మిర్యాలగూడలో మెడికల్ షాపులో నెలనెలా గోళీలు కొనుక్కునే మనిషి దాంట్లో ఎక్కడా కనపడడు. కాబట్టి "షుగర్ ఎంతమందికి" అన్న ప్రశ్నకు ఆ డేటాలో జవాబు లేదు.

ఏటా పెరుగుదల అంటావా, అక్కడ ఇంకా జాగ్రత్త. 2023 డిసెంబర్‌లో ఆరోగ్యశ్రీ వైద్య ఖర్చు పరిమితి 5 లక్షల నుంచి 10 లక్షలు అయింది, అంతకుముందు 2021లో ఆయుష్మాన్ భారత్ కూడా వచ్చి కలిసింది. ఇలాంటి మార్పుల తర్వాత క్లెయిములు పెరిగితే రోగం పెరిగినట్టు కాదు. పైగా 2016 అక్టోబర్‌లో నల్గొండ మూడు జిల్లాలైంది, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి విడిపోయాయి. అది చూసుకోకుండా గ్రాఫ్ గీస్తే ఆ ఏడాది సగం రోగులు మాయమైనట్టు కనిపిస్తారు.

పాలమూరు_మిత్ర
నేను కొన్నేళ్లు ఆస్పత్రిల ఆరోగ్యశ్రీ డెస్క్ దగ్గర ఆరోగ్యమిత్రగా చేసినమ్మా, అక్కడ ఏం జరుగుతుందో చెప్తా. అచ్చంపేట దిక్కు నుంచి ఒక తాత వచ్చిండు, కాలికి పుండు, రెండు వేళ్లు నల్లబడ్డయి. ప్లాస్టిక్ కవర్ల పదిహేనేళ్ల షుగర్ చీటీలు మడత పెట్టి తెచ్చుకున్నడు. ప్రీ ఆథ్ (వైద్యానికి ముందు అడిగే అనుమతి) పంపేటప్పుడు వేళ్లు తీసే ప్యాకేజీ పెట్టిన్రు, డయాగ్నసిస్ దగ్గర పుండు అనే రాసిన్రు. షుగర్ అన్న మాట కేస్ షీట్‌లో ఉంది గానీ కంప్యూటర్‌లోకి పోలేదు. ఎవరిదీ మోసం కాదు, ఏ ప్యాకేజీకి డబ్బులు వస్తయో అదే ఎక్కించిన్రు. ఇంకోటి, మన దగ్గరోళ్లు చానామంది హైదరాబాద్ పోయి చూపించుకుంటరు, కాబట్టి ఆస్పత్రి ఊరు కాదు, కార్డు మీది ఊరు పట్టుకో. బొంబాయి, పూణె వలస పోయినోళ్లు ఏళ్లకేళ్లు దాంట్ల అసలే ఉండరు.

పీహెచ్‌సీ_డాక్టర్
పై ఇద్దరూ చెప్పింది నిజమే, కానీ అమ్మాయిని వెనక్కి పంపకండి. ఆ డేటాలో గట్టిగా పట్టుకోగలిగింది ఒకటుంది: డయాలిసిస్. వారానికి రెండు మూడుసార్లు, నెలలు, ఏళ్లు. సొంత డబ్బుతో లాగించగలిగే కుటుంబం మన పల్లెల్లో అరుదు, కాబట్టి కార్డున్నవాళ్లలో చాలామంది ఎప్పుడో ఒకప్పుడు ఆరోగ్యశ్రీలోకి వస్తారు. వాళ్లతో మొదలుపెట్టి వెనక్కి నడువమ్మా. సబ్‌సెంటర్ల పరిధిలో ముప్పై ఏళ్లు దాటినవాళ్లకు బీపీ, షుగర్ చూసే ఎన్‌సీడీ (అంటువ్యాధులు కాని జబ్బుల) రికార్డులు ఉన్నాయి. డయాలిసిస్ మొదలైన మనిషి అంతకుముందు ఎప్పుడైనా దాంట్లో నమోదయ్యాడా, అయితే ఎన్నేళ్ల ముందు? అది తెలిస్తే నాలాంటివాళ్లం ఎక్కడ అందుకోలేకపోయామో తెలుస్తుంది, నాకు నిజంగా కావాల్సిన లెక్క అది.

ఒక్కటి మర్చిపోకు. తైవాన్‌లో అరిస్టోలోకిక్ ఆమ్లం ఉన్న మూలికా మందులకూ మూత్రనాళ క్యాన్సర్‌కూ సంబంధాన్ని ఇన్సూరెన్స్‌లోని మందుల రికార్డులతో చూపించగలిగారు, ఎందుకంటే అక్కడ ఆ మందులకూ ఇన్సూరెన్సే డబ్బు కట్టింది. మన మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ కీళ్లనొప్పులకు ఆర్‌ఎంపీ దగ్గర ఏళ్ల తరబడి నొప్పి గోళీలు మింగినవాళ్లను నేను చూశాను. అవీ కిడ్నీని దెబ్బతీస్తాయి, ఏ క్లెయిములోనూ ఉండవు. కనీసం యాభై మందినైనా ఇంటికి వెళ్లి అడుగు.

లెక్కల_అన్న
డాక్టరు గారి దారి బాగుంది. కాకపోతే పేరు తీసేస్తే సరిపోదు. తండాలో డయాలిసిస్ చేయించుకునే 34 ఏళ్ల మనిషి ఒక్కడే ఉంటాడు, ఊరు, వయసు చూస్తే ఎవరో తెలిసిపోతుంది. తమ డేటా వాడొద్దని చెప్పే అవకాశం జనానికి లేదని తైవాన్ రాజ్యాంగ న్యాయస్థానమే 2022లో తప్పుబట్టింది. నువ్వు మండలం వరకే తీసుకో, వయసు ఐదేళ్ల గుంపుల్లో అడుగు.

దేవరకొండ_ఎంపీహెచ్
అన్నా, సార్, చాలా థ్యాంక్స్. మిత్రన్న చెప్పిన ఆ తాత ప్లాస్టిక్ కవర్ రాత్రంతా కళ్లముందే ఉంది, మా నాన్న చీటీలూ అలాంటి కవర్‌లోనే ఉంటాయి. టైటిల్ మార్చేశాను: డయాలిసిస్ మొదలైనవాళ్లకు షుగర్ ఉందని ఎన్నేళ్ల ముందు తెలిసింది? డాక్టరు గారూ, ఎన్‌సీడీ రికార్డుల కోసం ముందు డీఎంహెచ్‌ఓ (జిల్లా వైద్యాధికారి) ఆఫీసులో అర్జీ పెట్టాలా, పరిశోధనకు అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీ లెటర్ వచ్చాకే వెళ్లాలా?

పీహెచ్‌సీ_డాక్టర్
ముందు ఎథిక్స్ లెటర్. అది చేతిలో లేకుండా వెళ్తే ఎవరూ ఫైలు ముట్టుకోరు.