సమస్యాపూరణం: “శాంతివచనమె కలహాగ్నిసమిధ యయ్యె”

నిర్వాహకుడు: ఈసారి సమస్య, అంటే విరోధం తోచేలా ముందే ఇచ్చిన చివరి పాదం, తేటగీతి ఛందస్సులోనిది. దానికి ముందు మూడు పాదాలు చెప్పి ఆ విరోధాన్ని పోగొట్టడమే పూరణ. సందర్భం ఆన్‌లైన్ ఆధ్యాత్మిక చర్చాసమూహాలలోని కలహాలు. పరతత్త్వాన్ని గురించి మొదలైన చర్చ కొద్దిసేపటికే ఎదుటివారి గురువును, సంప్రదాయాన్ని, చదువును తూలనాడే స్థితికి దిగజారడం, కేవలం రెచ్చగొట్టి వినోదించడానికే కొందరు వాటిలో చేరడం అందరూ చూస్తున్నదే. అయితే తిట్టు వల్ల తగవు పెరిగిందంటే అందులో విరోధం లేదు కనుక సమస్యా లేదు. శాంతిని కోరి పలికిన మాటే తగవును ఎందుకు పెంచిందో మొదటి మూడు పాదాలలో కారణం కనబడాలి.

మొదటి పూరణ (ఒక సభ్యురాలు):

ద్వేష మొందక యుందమన్ దివ్యమంత్ర
పఠనరీతిపై సభ్యులు పట్టు పట్ట
మాట మాటకు పెరుగగ మచ్చరమ్ము
శాంతివచనమె కలహాగ్నిసమిధ యయ్యె.

నిర్వాహకుడు: అమ్మా, పూరణ ప్రశస్తంగా ఉన్నది. కృష్ణయజుర్వేదానికి చెందిన కఠ, తైత్తిరీయ ఉపనిషత్తుల పాఠంలో వచ్చే “సహ నావవతు” అనే శాంతిమంత్రం, చదివే గురుశిష్యులిద్దరూ పరస్పరం ద్వేషించుకోకుందురు గాక అనే అర్థంలో “మా విద్విషావహై” అని ముగుస్తుంది. ఆ మాటను ఎలా ఉచ్చరించాలన్న విషయం మీదనే ద్వేషం పుట్టిందనడంతో సమస్యలోని విరోధం సహజంగా పరిహృతమైంది. గణయతులు, అంటే గురులఘువుల కూర్పూ పాదంలో నియమిత స్థానాన ఉండవలసిన అక్షరమైత్రీ, సరిపోయాయి.

మరొక సభ్యుడు: ఆర్యా, పద్యం బాగున్నది కాని, స్వరాన్ని, అంటే వేదపాఠంలోని గొంతు హెచ్చుతగ్గులను, పట్టించుకున్నవారందరినీ మచ్చరం గలవారిగా చూపడం నాకు రుచించలేదు. తైత్తిరీయంలో ఉచ్చారణను బోధించే శీక్షావల్లి అనే భాగం వర్ణం, స్వరం, మాత్ర, బలం, సామం, సంతానం అని ఆరింటిని ప్రత్యేకంగా చెప్పింది గదా. స్వరం తప్పితే దిద్దవలసిందే.

సభ్యురాలు: దిద్దవద్దని నేననలేదు. దిద్దేవాడు తప్పును చూపి ఊరుకుంటే చర్చ అక్కడితో ముగిసేది, “నీకు వేదం చెప్పినవాడెవడు?” అని అడిగినప్పుడు స్వరం పక్కకు పోయి మనిషి ముందుకు వస్తాడు. “మాట మాటకు” అన్నది అందుకే.

రెండవ పూరణ:

అయిదు పల్లె లిచ్చినఁ జాలు ననుచు శౌరి
రాజసభఁ బల్క, గర్వియౌ రాజరాజు
పట్టి బంధింప నుంకించెఁ బగను బూని;
శాంతివచనమె కలహాగ్నిసమిధ యయ్యె.

నిర్వాహకుడు: నిర్దోషమైన పద్యం. కాని కృష్ణుడు (శౌరి) దుర్యోధనుని (రాజరాజు) సభకు రాయబారం వెళ్ళిన భారత ఉద్యోగపర్వంలోకి తప్పించుకుపోవడం పూరణకర్తలకు పాత అలవాటు. ఇచ్చిన సందర్భాన్ని ఇది తాకలేదు.

మూడవ పూరణ:

చిచ్చు రగిలించి చాటుగఁ జేరి, పిదప
శాంతి శాంతి యటంచును సాధు వోలె
పలుక వెటకార మొప్పగా, బరులు గనల
శాంతివచనమె కలహాగ్నిసమిధ యయ్యె.

నిర్వాహకుడు: ఆకతాయి స్వభావాన్ని ఇంత చక్కగా పట్టిన పూరణ ఇంకొకటి రాలేదు. ఇతడు తిట్టడు, తిట్టించుకుంటాడు. ఎవరి ఇష్టదైవాన్నో తేలికచేసే ఒక ప్రశ్న వేసి, అందరూ కోపంతో ఊగిపోతున్నప్పుడు తిరిగి వచ్చి “సాధకులకు ఇంత కోపమా?” అని జాలిపడతాడు. ఆ జాలికి జవాబు చెబితే కోపిష్ఠి, చెప్పకపోతే ఓడినవాడు. శాంతివచనాన్ని ఆయుధంగా వాడడం ఇదే.

నాలుగవ పూరణ:

అద్వయంబని యొక్కండు, ద్వైత మనుచు
వేఱొకండు వాదింప, వివేకి యొకఁడు
రెండు నొక్కటే యని తీర్ప, రేఁగి రెల్ల;
శాంతివచనమె కలహాగ్నిసమిధ యయ్యె.

నిర్వాహకుడు: భావం రమ్యం. మొదటి పాదంలో అకారానికి “ద్వై”తో యతి చెల్లదు. “ద్వైత మని యొకం డద్వైతతత్త్వ మనుచు” అని సవరిస్తే “ద్వై”కి “త”తో యతి కుదురుతుంది. ఇక మూడవ పాదంలో ఒక చిక్కున్నది. రెండూ ఒక్కటే అనడం అద్వైతి మాటే గదా! జీవేశ్వరుల భేదంతో మొదలుపెట్టి పంచభేదాలను సత్యమని చెప్పిన మధ్వమతస్థునికి ఆ తీర్పు సంధిగా కాక ఓటమిగా వినిపిస్తుంది. “రేఁగి రెల్ల” అన్నారు. రేగవలసినవాడు ద్వైతి ఒక్కడే కాదా?

అయిదవ పూరణ:

వాదమును వీడి జల్పంబు వలచు వారు
తత్త్వ మడుగక మనుజుల తప్పు లెంచి
నిగ్రహస్థానమే లేక నింద సేయ
శాంతివచనమె కలహాగ్నిసమిధ యయ్యె.

నిర్వాహకుడు: న్యాయశాస్త్ర పరిభాషను పద్యంలో ఇమిడ్చిన నేర్పు మెచ్చదగినది. తత్త్వం తెలుసుకోవడానికి చేసేది వాదం, గెలవడానికి చేసేది జల్పం, తన పక్షమంటూ ఏదీ నిలపకుండా ఎదుటి పక్షాన్ని కొట్టివేయడం వితండ అని న్యాయసూత్రకర్త గౌతముడు విభజించాడు. ఓటమిని నిర్ణయించే నిగ్రహస్థానాలను ఇరవై రెండుగా లెక్కించాడు. నిగ్రహానికి చోటే లేదనే రెండవ అర్థం కూడా ఇక్కడ స్ఫురిస్తున్నది. అయితే శాంతివచనం పలికినవారెవరో పద్యంలో లేరు. “నిగ్రహింపుఁ డన్నంతనే నింద సేయ” అంటే ఆ లోటు తీరుతుంది.

అయిదవ పూరణకర్త: సవరణను స్వీకరిస్తున్నాను, శ్లేష పోయినందుకు చింతిస్తూనే. నిగ్రహస్థానం అన్న మాటను కావాలనే వేశాను. సభలో ఓడినవాడు ఓడాడని చెప్పడానికి మధ్యస్థుడుంటాడు. ఈ సమూహాలలో ఆ నిర్ణయం చేసేవారు లేరు కాబట్టి ఎవరూ ఓడరు, తగవూ తెగదు.

మరొక సభ్యుడు: జల్పాన్ని అంతగా నిందించనక్కరలేదు. మొలకలను కాపాడడానికి ముళ్ళకంప వేసినట్లు, తత్త్వనిశ్చయాన్ని కాపాడడానికే జల్పవితండలని న్యాయసూత్రమే చెబుతున్నది.

అయిదవ పూరణకర్త: నిజమే, కాని కాపాడడానికి ముందు నిశ్చయమంటూ ఒకటి ఉండాలి. “నవ” అంటే కొత్త అనీ తొమ్మిది అనీ రెండర్థాలు. “నవకంబలుడు” అని కొత్త కంబళి కప్పుకున్నవాణ్ణి ఉద్దేశించి అంటే, తొమ్మిది కంబళ్ళు ఎక్కడున్నాయని నిలదీసేవాడు కాపాడుతున్నది దేనిని? న్యాయభాష్యకారుడు వాత్స్యాయనుడు వాక్ఛలానికి, అంటే పలికినవాడు ఉద్దేశించని అర్థం తీసి తప్పుపట్టడానికి, చూపిన ఆ ఉదాహరణ నేటి ఆకతాయికి అక్షరాలా సరిపోతుంది. “అహం బ్రహ్మాస్మి” అన్నవాణ్ణి “అయితే వాన కురిపించు” అని ఎద్దేవా చేయడం అటువంటిదే.

నాలుగవ పూరణకర్త: ఆర్యా, యతిదోషాన్ని సవరించినందుకు ధన్యవాదాలు. మూడవ పాదాన్ని మాత్రం మార్చను. తీర్పరి తెలియకుండానే ఒక పక్షం వహించాడని మీరు చూపినది నేను చెప్పదలచుకున్నదే. ద్వైతి తనను ఓడించారని రేగాడు. అద్వైతి రేగినది, వ్యవహారదశలో, అంటే నిత్యలోకవ్యవహారపు స్థాయిలో, భేదాన్ని తామూ ఒప్పుకుంటామని ఎంతో ఓపికగా వివరిస్తుండగా, ఆ వివరణనంతా ఒక్క ముక్కతో తుడిచిపెట్టినందుకు. కనుక “ఎల్ల” నిలుస్తుంది.

నిర్వాహకుడు: సమంజసంగా ఉన్నది. “రేఁగి రెల్ల” యథాతథంగా ఉంచి, మొదటి పాదపు సవరణతో ఈ పూరణను స్వీకరిస్తున్నాను.