మా నాయనది మతిమరుపా, చెవుడా? బెంగళూరులో ముందు ఎవరికి చూపించాలి?

ధర్మవరం పిల్లోడు:
అందరికీ నమస్తే. మాది ధర్మవరం, నేను మారతహళ్లిలో ఉంటా, అమ్మానాయనల్ని ఇక్కడికి తెచ్చుకుని రెండేళ్లయింది. నాయనకి 71. ముప్పై ఏళ్ల పైన మరమగ్గాల షెడ్డులో పని చేసినాడు. చెవి కొంచెం మందం అని ఎప్పటినుంచో తెలుసు, టీవీ పెడితే పక్క ఫ్లాటోళ్లకి కూడా వార్తలు తెలిసిపోతాయి, అది మాకు అలవాటైపోయింది. ఇప్పుడు భయం మతిమరుపు గురించి. పొద్దున ఆఫీసుకి పోతా "సాయంత్రం గీజరు బాగుచేసే ఆయన వస్తాడు, ఇంట్లోనే ఉండు నాయనా" అంటే ఊ అంటాడు, సాయంత్రానికి కింద పార్కులో ఉంటాడు, అడిగితే నాకెవరు చెప్పినారు అంటాడు. మొన్న అమ్మ టీ పోయడానికి వంటింట్లోంచి కప్పు తెమ్మంటే పప్పు డబ్బా తెచ్చిచ్చినాడు. పిల్లలు పడీ పడీ నవ్వినారు, ఆయనా నవ్వినాడు గానీ తర్వాత రూములోకి పోయి రాత్రి అన్నానికి కూడా పిలిస్తే గానీ రాలే.

ఒక క్లినిక్కి తీసుకుపోయినాం. డాక్టరు మాస్కు పెట్టుకుని కన్నడా ఇంగ్లీషూ కలిపి ఐదు మాటలు చెప్పి కాసేపాగి అవేంటో చెప్పమన్నాడు, అంకెలు వెనక నుంచి చెప్పమన్నాడు, అంతా కలిపి పావుగంట. 30కి 17 వచ్చింది, డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు, మొదలైనట్టుంది అని మాత్రలు రాసిచ్చినాడు. చెవి సంగతి ఆయన అడగలే, నాకూ చెప్పాలని తట్టలే. పాత సంగతులైతే ఏ ఏడు ఏ రంగు చీర ఎంతకి పోయిందో కూడా చెప్తాడు మనిషి. ఎవరికన్నా ఇట్లాంటి అనుభవం ఉందా?

కేఆర్ పురం కోడలు:
మా అత్తగారికి ఇలాగే అయితే ఈఎన్‌టీ దగ్గర రెండు చెవుల్లోంచి గులిమి తీశారు, రాయిలా గడ్డకట్టి ఉంది, బయటికొచ్చి "ఏంటే ఈ రోడ్డు ఇంత గోల" అన్నారు. ముందు అది చూపించండి. ఇంట్లో మాత్రం నూనె పోయడం, పిన్నీసు పెట్టడం చెయ్యొద్దు. అలాగే బీ12, థైరాయిడ్ టెస్టులు చేయించండి, అవి తక్కువైనా మతిమరుపు వస్తుంది, అత్తగారికి బీ12 కూడా తక్కువే ఉండింది.

చెవి టెస్టులక్క:
తమ్ముడూ, నేను ఆడియాలజిస్టుని, అంటే వినికిడి పరీక్షలు చేసేదాన్ని, మాట-వినికిడి చదువుల సంస్థ మైసూరు ఐష్‌లో చదివాను, ఇప్పుడు బెంగళూరులోనే పని. మీరు రాసినదాంట్లో నా కళ్లు కప్పు-పప్పు దగ్గరే ఆగిపోయాయి.

మర్చిపోయిన మనిషి గదిలోకి వెళ్లి నేనెందుకొచ్చాను అని నిలబడతాడు, లేకపోతే ఉత్తచేతులతో తిరిగొస్తాడు. మీ నాన్నగారు వెతికి డబ్బా పట్టుకుని సరిగ్గా అమ్మ చేతికి తెచ్చిచ్చారు. అంటే చెప్పిన పని బుర్రలో నిలబడింది, కాకపోతే ఆయన చెవిలో పడిందే పప్పు. మాటలో అచ్చులకి బలం ఎక్కువ, చెవి మందమైనా అందుతాయి, హల్లులు సన్నం, క ప త స లాంటివి ముందు జారిపోతాయి. మగ్గాల చప్పుడుతో పాడైన చెవికి మామూలుగా 4000 హెర్ట్జ్ చుట్టుపక్కల ముందు దెబ్బ తగులుతుంది, వయసొచ్చేకొద్దీ సన్నటి శబ్దాలన్నీ పోతాయి. అందుకే వీళ్లు "వినపడుతుందమ్మా, అర్థమే కాదు" అంటారు. పక్కన కుక్కరో మిక్సీనో ఉందా, ఇక అంతే.

ఇక ఆ "ఊ" సంగతి. మళ్లీ చెప్పు మళ్లీ చెప్పు అని అడిగి, అవతలివాళ్లు విసుక్కోవడం చూసి చూసి, ఊ అనేయడం నేర్చుకుంటారు. గీజరాయన గురించి ఆయన మర్చిపోలేదేమో, అసలు ఆ మాట ఆయన దాకా వెళ్లిందా అని ముందు చూడాలి. సగం సగం విన్న మాటని అతికించుకోవడానికే బుర్రంతా ఖర్చయిపోతుంది, దాన్ని దాచుకోవడానికి ఇంకేం మిగులుతుంది చెప్పండి. సాయంత్రానికి వీళ్లు ఊరికే అలిసిపోవడం గమనించారా?

ఆ 17 మార్కులంటారా, మూతి కనపడకుండా మాస్కు, పరాయి భాష, టెస్టులో సగానికి సగం చెవితోనే విని చెప్పాల్సినవి. అది జ్ఞాపకశక్తికి పెట్టిన పరీక్షో చెవికి పెట్టిన పరీక్షో నాకు తెలీదు.

అలాగని చెవే అని తేల్చెయ్యకండి. పాత సంగతులు బాగా చెప్తాడు అన్నారు, దాంతో ధైర్యపడొద్దు, అల్జీమర్స్‌లో కూడా మొదట పోయేది కొత్త జ్ఞాపకాలే. ఇంట్లో ఒకటి చేసి చూడండి. ఏదైనా సంగతి పలక మీద తెలుగులో పెద్దక్షరాలతో రాసి చూపించి తీసెయ్యండి, సాయంత్రం అదే సంగతి రాసే అడగండి. రాస్తే గుర్తుండి, చెప్తే పోతుంటే చెవి వైపు అనుమానం. రాసినా పోతుంటే, తెలిసిన దారిలో తప్పిపోతుంటే, డబ్బు లెక్క తడబడుతుంటే ఆలస్యం చెయ్యకుండా న్యూరాలజిస్టు దగ్గరికి, మెదడు, మానసిక జబ్బుల పెద్దాసుపత్రి నిమ్హాన్స్ బెంగళూరులోనే ఉంది కదా, టెస్టు తెలుగులో పెట్టమని గట్టిగా అడగండి. ఏ శబ్దం ఎంత వినపడుతుందో చూపే చెవి ఆడియోగ్రామ్ మాత్రం దానికంటే ముందు తీయించి ఆ కాగితం చేతిలో పట్టుకుని వెళ్లండి. మాత్రలు మీ అంతట మీరు ఆపొద్దు.

బొమ్మనహళ్లి బాబాయ్:
ఇప్పుడు అందరూ కలిసి చెవి మిషన్ కొనిపిస్తారు చూడు. మా అన్నకి ఒక షాపులో "ఇది పెట్టుకోకపోతే డిమెన్షియా వచ్చేస్తుంది సార్" అని భయపెట్టి 80 వేలకి అంటగట్టినారు. గుయ్యిమంటాందని నాలుగో రోజు తీసి బీరువాలో పెట్టినాడు, ఇప్పటికీ అక్కడే ఉంది, వదిన నగలతో పాటు. వయసైతే వినపడదు, వయసైతే మర్చిపోతారు, రెండిటికీ ముడి ఎందుకు పెడతారో నాకర్థం కాదు.

చెవి టెస్టులక్క:
బాబాయ్ గారూ, ఆ షాపువాడు చెప్పింది తప్పే, నేనూ ఒప్పుకుంటా. కానీ ముడి మేము పెట్టింది కాదు. లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన కమిషన్ 2024 రిపోర్టులో డిమెన్షియాకి మనం మార్చుకోగలిగిన కారణాలు 14 లెక్కేశారు, బీపీ, షుగరు, సిగరెట్టుతో పాటు వినికిడి తగ్గడం కూడా అందులో ఉంది, దాని వాటా 7 శాతం దాకా అన్నారు. అది జనాభా మొత్తం మీద లెక్క, మీ అన్నగారికి వస్తుందా రాదా అని చెప్పే లెక్క కాదు. మిషన్ పెడితే ఆగుతుందా అని అమెరికాలో 70 నుంచి 84 ఏళ్ల వాళ్లు 977 మందిని మూడేళ్లు చూశారు, 2023లో వచ్చింది. అందరినీ కలిపి చూస్తే మిషన్ ఇచ్చినవాళ్లకీ ఇవ్వనివాళ్లకీ తేడా కనపడలేదు. వాళ్లలో ముందునుంచీ రిస్కు ఎక్కువున్న గుంపుని విడిగా చూస్తే మాత్రం మిషన్ ఇచ్చినవాళ్లలో జ్ఞాపకశక్తి, ఆలోచన తగ్గడం 48 శాతం నెమ్మదించింది. కాబట్టి మిషన్ అంటే మతిమరుపుకి మందు కాదు, మనుషులతో మాట్లాడ్డానికి పెట్టుకునేది.

నాలుగు రోజులకే బీరువాలోకి పోవడం మాకు రోజూ ఉండే కథ. ఏళ్ల తరబడి వినని చప్పుళ్లు ఒక్కసారి మీద పడితే ఎవరికైనా చిరాకే. మొదట ఇంట్లో గంటో రెండు గంటలో, తర్వాత పెంచుకుంటూ పోవాలి, రెండు మూడుసార్లు వెళ్లి సౌండు సరిచేయించుకోవాలి. గుయ్యిమంటే చాలాసార్లు చెవిలో సరిగ్గా కూర్చోలేదని అర్థం. మీ అన్నగారిది ఇంకోసారి సెట్ చేయించి చూడండి, 80 వేలు కదా.

వైట్‌ఫీల్డ్ టెస్టర్:
నేను పూర్తి డెఫ్. రెండేళ్లప్పుడు మెనింజైటిస్ వచ్చి వినికిడి పోయింది. ఈ థ్రెడ్డు చదువుతుంటే ఒకటి చెప్పాలనిపించింది. ముసలితనంలో వినికిడి తగ్గడం వేరు, మాలాగ చిన్నప్పటినుంచీ లేకపోవడం వేరు, రెండూ కలిపి "చెవుడు వస్తే బుర్ర తగ్గుతుంది" అని మాత్రం చదవకండి ప్లీజ్. ఇప్పటికే "చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు" అని మీటింగుల్లో కూడా వాడతారు, నా ముందే, నేను పెదాలు చదవగలనని తెలిసి కూడా.

అంకెలు వరసగా చూపించి తిరిగి చెప్పమంటే వినేవాళ్లు ఏడు దాకా చెప్తారు, సైన్ చేసేవాళ్లు ఐదు దాకా. చాలాకాలం దీన్ని చూపించే డెఫ్ వాళ్లకి మెమరీ తక్కువ అన్నారు. వినేవాళ్లు వరసని లోపల గొంతుతో తిప్పుకుంటారు, చెవి దారి వరసని నిలబెట్టడంలో గట్టిది, అంతే తేడా. వరసతో పని లేకుండా అడిగితే ఆ తేడా కనపడదు. ఏది ఎక్కడుందో గుర్తుపెట్టుకోవడం, చూపు అంచున కదిలేవాటిని పట్టుకోవడం లాంటివాటిలో సైన్ చేసేవాళ్లు వినేవాళ్లకి సమానంగానో మెరుగ్గానో చేస్తారు. నా ఉద్యోగమే అది, స్క్రీన్ మీద ఒక బటన్ రెండు పిక్సెళ్లు జరిగితే టీములో ముందు నాకే తెలుస్తుంది.

నిజంగా దెబ్బ తగిలేది భాష దొరకనప్పుడు. నాకు తొమ్మిదేళ్లప్పుడు హాస్టల్లో సైగల భాష వచ్చింది. అంతకుముందు మా అవ్వ కనపడకుండా పోతే ఊరెళ్లిందనే అనుకున్నా, ప్రతి బస్సు దగ్గరా చూసేవాణ్ణి, చనిపోయింది అని నాకు చెప్పడానికి ఇంట్లో ఎవరి దగ్గరా మాట లేదు. ఆ వయసులో నాకు ఎవరైనా టెస్టు పెట్టి ఉంటే ఏం మార్కులొచ్చేవో మీరే ఊహించుకోండి.

ధర్మవరం పిల్లోడు గారూ, మీ ఇంట్లో కప్పు-పప్పుకి నవ్వారు కదా, ఆయన రూములోకి పోయారు కదా. దాని గురించి ఎవరూ మాట్లాడలేదు ఇక్కడ. ఎదురుగా వచ్చి, మొహం కనపడేలా, మామూలు గొంతుతో చెప్పండి. వెనకనుంచి అరవొద్దు, అరిస్తే పెదాల ఆకారమే మారిపోతుంది.

ధర్మవరం పిల్లోడు:
సారీ, ఆఫీసు గొడవల్లో నెలన్నర పట్టింది. పలక తెచ్చినాం, పిల్లలకి అదొక ఆటైంది. రాసినవి పదిలో ఎనిమిది గుర్తు పెట్టుకున్నాడు. ఆడియోగ్రాములో కుడి 58, ఎడమ 62 డెసిబెల్స్, అంటే ఎదురుగా మామూలుగా మాట్లాడినా సగం అందదంట. వేరే న్యూరాలజిస్టు తెలుగులో, మాస్కు తీసి, చెవికి యాంప్లిఫయర్ పెట్టి మళ్లీ చేస్తే 24 వచ్చింది. పూర్తిగా బాగుంది అని కూడా అనలే, బీ12 తక్కువ ఉంది, ఆరు నెలలకి మళ్లీ రమ్మన్నారు, పాత మాత్రలు ఆయనే ఆపించినారు. అక్క చెప్పినట్టు రెండూ కొంచెం కొంచెం ఉన్నాయేమో.

మిషన్ పెట్టిన రోజు అమ్మ పెళ్లికి పోదామని పట్టుచీర కట్టుకుని వచ్చింది. నాయన అటూ ఇటూ చూసి, గరగరమంటాంది ఏంది అన్నాడు. చీరే. "పట్టు చప్పుడు చేస్తాదని మర్చేపోయినా కదరా" అన్నాడు, ముప్పై ఏళ్లు నేసిన మనిషి. పెళ్లిలో మాత్రం బ్యాండు మొదలైన రెండు నిమిషాలకే తీసి జేబులో వేసుకున్నాడు.

టెస్టర్ అన్నా, నువ్వు చెప్పిందానికి ఏం రాయాలో తెలీక ఇన్నాళ్లు రాయలే. పిల్లలు ఇప్పుడు ముందు తాత భుజం తట్టి, తర్వాత మాట్లాడతాండారు.

అక్కా, ఒక డౌటు, బ్యాటరీ 312 నంబరు, ఆరు రోజులకే అయిపోతాంది, మోసపోయినామా?

చెవి టెస్టులక్క:
లేదు, 312 అంటే అటూ ఇటూగా వారం రావడం మామూలే. బ్రౌన్ స్టిక్కరు పీకగానే పెట్టెయ్యకుండా రెండు మూడు నిమిషాలు గాలికి ఉంచి అప్పుడు పెట్టండి, రాత్రి తీసినప్పుడు బ్యాటరీ తలుపు తెరిచి ఉంచండి. పాతవి మాత్రం పిల్లల చేతికి అందనియ్యొద్దు, మింగితే చాలా ప్రమాదం.