ఈ వారం సమస్య: సొంత నేలలో బల్లెము జొనిపె రోము

నిర్వాహకులు: రెండు రోజులుగా ప్రాచీన రోము చరిత్రకారుడు లివీ పుస్తకంలో పడి కొట్టుకుంటున్నాను. రోములో ఫెటియాలెస్ అని ఇరవైమంది పురోహితులు. యుద్ధం చాటాలన్నా, సంధి కుదరాలన్నా వాళ్ల నోటి మాట పడాల్సిందే. యుద్ధమంటే పొలిమేరలో నిలబడి శత్రువు నేల మీదికి బల్లెం విసరాలి. మరి ఈ పాదం ఎలా పొసగుతుందో చెప్పండి. ఛందస్సు తేటగీతి.

సొంత నేలలో బల్లెము జొనిపె రోము

ఏటిగట్టు: నా పూరణ.

అడిగి ముప్పదిమూడునాళ్లాగి పిదప
నెల్లకడ నిల్చి మువ్వుర నెదుట నిలిపి
పలికి పోరను మాటను వైరివారి
సొంత నేలలో బల్లెము జొనిపె రోము

మూడో పాదం చివర ఆగకుండా చదవండి, చిక్కు విడిపోతుంది. 'అడిగి' ఊరికే వేయలేదు. 'రేస్ రెపెటేరె' అంటే పోయిన సొత్తు తిరిగి అడగడం. ముందు అది, తర్వాత 33 రోజుల గడువు, ఆ తర్వాతే బల్లెం. సాక్షులు ముగ్గురికి తగ్గకూడదు.

పలకాబలపం: 'నాళ్లాగి' దగ్గర యతి హాయిగా పడింది, ఒప్పుకుంటాను. 'వైరి' అన్నాక 'వారి' దేనికండీ? గణం నిండడానికే కదా! అసలు సంగతి, మీరు సమస్యను పూరించలేదు, పక్కనుంచి దాటేశారు. విరుపుతో గట్టెక్కడం మీకు అలవాటే, కిందటి నెల సంధివేళ పందిబలి పద్యంలోనూ అంతే. రోముకు ఈ చిక్కు నిజంగానే వచ్చింది:

కడలి యావలి పిర్రసు గడప దవ్వు
చెరను బడినట్టి వాడొక చెక్క కొనగ
నదియె పగనేల యయ్యెనం చాత్మ నెంచి
సొంత నేలలో బల్లెము జొనిపె రోము

రోముతో పోరిన గ్రీకు రాజు పిర్రస్ రాజ్యం సముద్రానికి అవతల. అక్కడిదాకా వెళ్లి బల్లెం విసిరే వీలెక్కడ? అందుకని పట్టుబడ్డ అతని సైనికుడొకడి చేత రోములోనే, ఫ్లామినియస్ సర్కస్ అనే మైదానం ప్రాంతంలో, కాస్త నేల కొనిపించారని లాటిన్ కవి వర్జిల్ వ్యాఖ్యాత సెర్వియస్ రాశాడు. కొన్నవాడు శత్రువు కనుక ఆ నేల శత్రుదేశం. తర్వాత యుద్ధదేవత బెల్లోనా గుడి ముందర పొలిమేర గుర్తుగా ఒక స్తంభం కూడా నిలిచింది.

అట్లతద్ది: 'పిర్రసు గడప దవ్వు' నాకు నోట్లోంచి పోవడం లేదు. కానీ బలపం గారూ, ఉత్త 'చెక్క' అంటే మా ఇంట్లో బల్లచెక్కే. 'నేలచెక్క' అని ఉంటే తిరుగుండేది కాదు.

డల్లాస్ చిన్నోడు: పెద్దల మధ్య నాదీ ఒకటి. క్రీ.పూ. 32, ఈజిప్టు రాణి క్లియోపాత్రా మీద యుద్ధం చాటిన రోము నేత ఆక్టేవియన్.

పోరు తనవారితో నైన బూని రాణి
పేరు మాత్రమె చదివి యా వేదిక వద్ద
ఆక్టవియనుండు బెల్లోన యంగణమున
సొంత నేలలో బల్లెము జొనిపె రోము

ఏటిగట్టు: తమ్ముడూ, ఎత్తుగడకు దండం. క్లియోపాత్రా పేరు చదివి, ఆమె పక్షాన ఉన్న రోమువాడు ఆంటోనీ పేరు మింగేయడం, అదీ రాజకీయం! కానీ రెండో పాదం చివర లెక్కపెట్టు. 'క వద్ద' జగణం, అక్కడ చెల్లదు. 'వేదికకడ' అను, సరిపోతుంది. ఇంకొకటి, ఆక్టవియనుడు జొనిపాడా, రోము జొనిపిందా? కర్త ఇద్దరయ్యారు.

డల్లాస్ చిన్నోడు: 'ఆక్టవియనుచే' అంటే?

ఏటిగట్టు: 'వియనుచే' నగము, నడుస్తుంది. అలాగే దిద్దు.

ఇక బలపం గారికి. పంది పద్యంలో నేను 'కత్తి' అన్నది తప్పే. సంధివేళ పందిని కొట్టేది చెకుముకిరాయితో, జూపిటర్ ఫెరెట్రియస్ గుడిలోని రాయితో. లాటిన్‌లో సంధిని 'చేయడమే' కాదు, 'కొట్టడం' కూడా ఉంది. 'ఫోయెడుస్ ఫెరీరె' అన్నదాంట్లో ఆ దెబ్బ ఇంకా వినిపిస్తుంది. నేను దిద్దుకున్నాను. మీరు ఫెటియాలెస్ దూతలు వెంట పట్టుకెళ్లే గడ్డి 'సగ్మినా'ను దర్భలన్నారే, దిద్దుకున్నారా?

పలకాబలపం: దిద్దుకోను. రెండూ పవిత్రమైన గడ్డే.

ఏటిగట్టు: గడ్డే, కానీ అది ఏ ఏటి ఒడ్డున పడితే ఆ ఒడ్డున కోసుకునేది కాదు. రోములోని కాపిటోల్ కోట మీద, వేళ్లకంటిన మట్టితో సహా పెకలించాలి. రోము మట్టి వెంట ఉంటేనే ఆ దూత ఒంటిమీద చెయ్యి పడదు. క్రీ.పూ. 201లో కార్తేజితో సంధికి ఆఫ్రికా వెళ్లిన ఫెటియాలెస్ ఎవరి రాయి వాళ్లు, ఎవరి గడ్డి వాళ్లు రోము నుంచే పట్టుకెళ్లారు. 'దర్భ' అంటే ఆ మట్టి రాలిపోతుంది.

పలకాబలపం: ...మట్టి మాట బాగుంది. 'కోటగడ్డి' అని మారుస్తాను.

అట్లతద్ది: ఇదంతా చదువుతుంటే ఏటిగట్టు గారి పాత మోకాలి పద్యం గుర్తొచ్చింది. కాడియం కనుమలో సామ్నైట్ల చేతిలో ఓడి, తాను కుదుర్చుకున్న సంధి చెల్లకుండా చేయడానికి రోము సేనాని పోస్టుమియస్ తనను శత్రువుకు అప్పగించమన్నాడు. అప్పగించీ అప్పగించగానే, తనను తెచ్చిన ఫెటియాలిస్ పురోహితుణ్ని మోకాలితో పొడిచాడు. 'నేనిప్పుడు సామ్నైట్‌ని, రోము దూతను కొట్టింది సామ్నైట్, ఇక మీకు యుద్ధానికి న్యాయమైన కారణం దొరికింది' అని! అక్కడ రోమువాడు శత్రువయ్యాడు, ఇక్కడ రోము మన్ను శత్రువుదయింది. బలపం గారు ఇవాళ నేలతో చేసిన పని ఏటిగట్టు గారు అప్పుడే మనిషితో చేసి చూపించారు.

పలకాబలపం: ఆ పద్యాన్ని అప్పుడు నేనే 'అతి' అన్నాను. ఇవాళ కాదంటాను.

నిర్వాహకులు: ఈ వారం బలపం గారిదే, 'చెక్క' ఒక్కటి దిద్దితే. ఏటిగట్టు గారూ, మోకాలి పద్యం పాత దారంలో అడుగున పడిపోయింది, ఇక్కడ మళ్లీ పెట్టండి.